ముగింపు ఉన్న ఆట

"పొద్దస్తమానం ఆటలేనా?" అని అందరు అమ్మల్లాగే నేనూ సణుగుతుంటాను. కానీ అన్ని ఆటలనూ ఒకే గాటన కట్టడం మాత్రం మానేశాను. దానికి కారణం ముప్పై ఏళ్ల కిందటి ఆట ఒకటి.

1995లో మా బాపు దుబాయ్ నుంచి సెలవు మీద సిరికొండకు వచ్చినప్పుడు తమ్ముడికి గేమ్ బాయ్ తెచ్చాడు. ఆయన పనిచేసే ఇంటి పిల్లలు ఆడి వదిలేసింది. బూడిద రంగు డబ్బా, పచ్చటి తెర, నాలుగు పెన్సిల్ సెల్లులు. తెరకు సొంత వెలుగు లేదు. కరెంటు పోతే ఆట నడుస్తూనే ఉండేది కానీ ఏమీ కనిపించేది కాదు. అందుకే కిటికీ పక్కన కూర్చునేవాళ్లం. అమ్మ అక్కడే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది.

దాంతో వచ్చిన ఆట ఒక్కటే, 'ద లెజెండ్ ఆఫ్ జెల్డా: లింక్స్ అవేకెనింగ్'. జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ 1993లో విడుదల చేసింది. ఓడ పగిలి లింక్ అనే కుర్రాడు కోహోలింట్ దీవికి కొట్టుకొస్తాడు. మారిన్ అనే అమ్మాయి అతణ్ని కాపాడుతుంది. కొండ మీద పెద్ద గుడ్డులో 'విండ్ ఫిష్' నిద్రపోతుంటుంది. ఎనిమిది వాయిద్యాలు సంపాదించి, దాన్ని లేపితేనే అతను దీవి దాటగలడు.

తమ్ముడిది తెలుగు మీడియం ఏడో తరగతి, నాది ఇంటర్. వాడు మీటలు నొక్కేవాడు, నేను డిక్షనరీ చూసి అర్థం చెప్పేదాన్ని. ఆ దీవి నాకు అచ్చం మా వాడకట్టులాగే ఉండేది. ఒకామెకు బొమ్మ ఇస్తే రిబ్బన్ ఇస్తుంది. రిబ్బన్ ఇంకో చోట ఇస్తే కుక్కకు పెట్టే తిండి వస్తుంది. అట్లా అరటిపళ్లు, తేనెపట్టు, అనాసపండు, చీపురు దాకా చేతులు మారుతూనే ఉంటాయి.

అక్కడి డబ్బు పేరు కూడా 'రూపీ'నే! కొట్లో విల్లు ధర 980. కూడబెట్టే ఓపిక లేక, కొట్టువాడు చూడనప్పుడు తమ్ముడు దాన్ని ఎత్తుకొచ్చాడు. అప్పటి నుంచి ఆటలో వాణ్ని పేరుతో పిలిచినవాళ్లు లేరు. అందరూ 'థీఫ్' అనేవాళ్లే.

"అంటే ఏందక్కా?"

"దొంగ."

అమ్మ బీడీ చుట్టడం ఆపి, "మంచిగైంది బిడ్డా" అని నవ్వింది. వాడు ఆటంతా చెరిపేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

సగం దాటాక ఒక చోట గోడ మీద రాత కనిపించింది. డిక్షనరీ తిరగేసి చదివాను. ఈ దీవి అంతా నిద్రపోతున్నవాడి కలేనట. వాడు లేస్తే దీవి ఉండదట.

"అంటే మారిన్ కూడా ఉండదా?" అన్నాడు తమ్ముడు.

"ఉండదు."

ఎనిమిది వాయిద్యాలూ సంపాదించాడు కానీ ఆ గుడ్డు దగ్గరికి మాత్రం వాడు పోలేదు. బాపుకు రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. ఆ సెలవు అయిపోవచ్చింది. బాపు బస్సెక్కిన రోజు తమ్ముడు ఆ డబ్బాను తువ్వాలలో చుట్టి బీరువాలో పెట్టేశాడు.

ఇప్పుడు తమ్ముడు కూడా దుబాయ్‌లోనే ఉన్నాడు. మొన్న సెలవుకు వచ్చినప్పుడు మా అబ్బాయి కోసం అదే ఆట తెచ్చాడు. 2019లో రంగులద్ది, స్విచ్ అనే కొత్త యంత్రం మీద మళ్లీ విడుదల చేశారట. బొమ్మలు మారాయి కానీ కథ మారలేదు. గుడ్డు ముందుకు వచ్చేసరికి మా వాడు ఆగిపోయాడు.

"వద్దు మామా, లేపొద్దు."

"లేపాలెరా," అన్నాడు తమ్ముడు. "పోతదని ఆగితే అది ఉంటదా? మనం ఆడుకున్నది అబద్ధమైతదా?"

ఇద్దరూ కలిసి ముగించారు. దీవిలో ఒక్కో చోటూ మాయమైంది. నడి సముద్రంలో చెక్క పట్టుకుని లింక్ ఒక్కడే మిగిలాడు. తల ఎత్తి, ఆకాశంలో ఎగిరిపోతున్న విండ్ ఫిష్‌ను చూసి నవ్వాడు. తమ్ముడి తిరుగు ప్రయాణానికి అప్పటికి ఇంకా నాలుగు రోజులు ఉంది.

ముప్పై ఏళ్లయినా ఈ ఆట ఎందుకు నిలిచిందో నాకు అప్పుడు అర్థమైంది. ఇప్పటి ఫోన్ ఆటలు చాలావాటికి ముగింపే ఉండదు. ముగిస్తే వాటికి డబ్బు రాదు కదా! రేపు రాకపోతే బహుమతి పోతుందని పిల్లల్ని బెదిరిస్తాయి. ఈ ఆట మాత్రం, ఇష్టమైనది కూడా ఒకరోజు అయిపోతుందని పిల్లవాడికి ముందే చెప్పి, ఆ ముగింపు వాడి చేతులతోనే చేయిస్తుంది. గల్ఫ్ సెలవులు లెక్కపెట్టుకుంటూ పెరిగిన మా ఇళ్లకు ఇది కొత్త పాఠమేమీ కాదు. కానీ మాకెవరూ దాన్ని ఇట్లా కూర్చోబెట్టి చెప్పలేదు.

అందుకే ఇప్పుడు మా అబ్బాయి చేతిలోంచి లాక్కునే ముందు "ఎంతసేపు?" అని అడగడం లేదు. "దీనికి ముగింపు ఉందా?" అని అడుగుతున్నాను. మీరూ ఒకసారి అడిగి చూడండి.