పాత ట్రాక్టరు కొంటున్నారా? ముందు సి-బుక్కు చూడండి

రెండెకరాల రైతుకు కొత్త ట్రాక్టరు అందదు. పాతది కొందామని డీలరు దగ్గరకు వెళతాడు. తప్పేం లేదు. కానీ మనవాళ్లు చేసేదేమిటి? కొత్తగా వేసిన రంగు చూస్తారు, టైరును ఓ తన్ను తన్నుతారు, బేరమాడి అయిదు వేలు తగ్గించామని సంబరపడతారు. కాగితాలు ‘తర్వాత పంపిస్తాం లెండి’ అంటే మొహమాటానికి సరేనంటారు. మునిగేది అక్కడే.

పాత యజమాని ఫైనాన్సు బాకీ తీర్చకపోతే ఆర్‌సిలో, అదే మన సి-బుక్కులో, ఫైనాన్సు కంపెనీ పేరు అలాగే ఉంటుంది. మీరు డబ్బంతా కట్టేసినా, సరిగ్గా దుక్కుల అదనులో వాళ్లొచ్చి బండి తోలుకుపోవచ్చు. ఫైనాన్సు వాళ్ల నిరభ్యంతర పత్రం, సంతకం పెట్టిన ఫారం 35 చూడందే అడ్వాన్సుకు మించి పైసా ఇవ్వకండి. పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి. ట్రాలీకి వేరే నంబరు ఉంటుంది, దాని కాగితాలూ అడగండి.

పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్న కేంద్ర నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. చూపించమనండి. అడగడానికి నామోషీ ఎందుకు, డబ్బు మనదే కదా!

మీ పాత బండిని వాళ్లకే ఇచ్చి మార్చుకుంటున్నారా? అయితే ఇంకా జాగ్రత్త. పేరు మారకముందు ప్రమాదం జరిగితే, ఆర్‌సిలో పేరున్న వాడిదే బాధ్యతని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

ఇక ఇంజను సంగతి. పొద్దున్నే చెప్పకుండా వెళ్లండి. అప్పటికే వేడిగా ఉంటే ముందుగా స్టార్టు చేసి ఉంచారన్నమాటే. పొగ నీలంగా వస్తే ఆయిలు తాగుతోందని లెక్క. మీ ఊరి మెకానిక్కుకు ఒకపూట కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లండి. డీలరు చూపించే మెకానిక్కు డీలరు మనిషే.