సూత్రం గుర్తుంటే చాలదు, విప్పి చూడాలి

మన హాస్టల్లో కంప్యూటర్ సైన్సు చదివే వాళ్లందరికీ రికరెన్స్ రిలేషన్లంటే భయం. ఆ భయానికి మేము కనిపెట్టిన మందు ఒక్కటే: మాస్టర్ థీరమ్ మూడు కేసులూ బట్టీ పట్టడం. అలాగే చదివాం, మార్కులూ తెచ్చుకున్నాం. ఆ చదువు ఎంత డొల్లో ఒక ఉద్యోగ ఇంటర్వ్యూలో తెలిసొచ్చింది.

అడిగింది చిన్న లెక్కే: టి(ఎన్) = 2టి(ఎన్-1) + 1. అలవాటు కొద్దీ ‘ఎ’ ఎంత, ‘బి’ ఎంత అని వెతికాం. సమస్యను భాగాలుగా విడగొట్టే చోటే మాస్టర్ థీరమ్ పనికొస్తుంది. ఇక్కడ ఉన్నది భాగించడం కాదు, ఒకటి తీసేయడం. వెళ్లిన ముగ్గురమూ జవాబు చెప్పలేక తిరిగొచ్చాం.

ఆ రాత్రి స్టడీ అవర్లో దాన్నే కాగితం మీద విప్పి చూశాం. రెండో మెట్టులో 4టి(ఎన్-2) + 3, మూడో మెట్టులో 8టి(ఎన్-3) + 7. టి(0) సున్నా అనుకుంటే జవాబు 2 పవర్ ఎన్ మైనస్ 1. ఇది హనోయ్ టవర్ లెక్కే. 10 బిళ్లలకు 1,023 కదలికలు, 20 బిళ్లలకు 10,48,575. పది నిమిషాల పని. సిగ్గేసింది.

మెర్జ్ సార్ట్ కూడా అంతే. 1,024 కార్డులను సగాలు చేస్తూ పోతే 10 అంతస్తులు, అంతస్తుకు 1,024 పని, మొత్తం 10,240. అదే ఒక్కో కార్డూ తగ్గిస్తూ పోతే పని 5 లక్షలు దాటుతుంది. చెట్టు గీసినవాడికి ఎన్ లాగ్ ఎన్ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

పరీక్షలో అంత టైమెక్కడిదని కొందరు మిత్రులంటారు. నిజమే, సూత్రం వద్దనడం లేదు. ముందు విప్పడం వస్తే, తర్వాత సూత్రం టైము మిగులుస్తుంది. అది రాకపోతే సూత్రమే గుదిబండ.

1960లో మాస్కోలో కోల్మొగోరోవ్ అంతటి పండితుడు, ఎన్ అంకెల సంఖ్యలు రెండింటిని గుణించాలంటే ఎన్ వర్గమంత పని తప్పదని ఊహించాడు. కరత్సుబా అనే 23 ఏళ్ల విద్యార్థి వారం తిరక్కుండానే అది తప్పని చూపించాడు. సగం సైజు గుణకారాలు నాలుగు చేయాల్సిన చోట మూడుతో సరిపెట్టాడు. నాలుగు కొమ్మల చెట్టు మూడు కొమ్మలదైంది. పని సుమారు ఎన్ పవర్ 1.585కు దిగింది. మా వయసు వాడే!

మనలో చాలామందికి ఇంట్లో అడిగి తెలుసుకోవడానికి చదువుకున్నవాళ్లు లేరు. మనకు మనమే దిక్కు. అందుకే మా మాట ఇది: ప్రతి ఆదివారం సాయంత్రం ఒక గంట సీనియర్లం డైనింగ్ హాల్లో కూర్చుంటాం. తమ్ముళ్లూ, లెక్క తీసుకుని రండి. సూత్రం చెప్పం. తెలుగులోనే మాట్లాడుకుంటూ, మెట్టు మెట్టుగా కలిసి విప్పుదాం. వచ్చే ఏడు ఆ ఇంటర్వ్యూ గదిలోంచి మీరు తల దించుకుని రాకూడదు.