పాండవుల గుట్టకు బాట యెవరికొఱకు?

భూపాలపల్లి జిల్లాలో రేగొండ మండలమున రావులపల్లి చెంత పాండవుల గుట్టలున్నవి. ఇసుకరాతి పొరలు గోడలవలె నిలిచి, గాలివానలకు నరిగి గుహలైనవి. అందు ప్రాచీనమానవుడు ఎఱ్ఱరంగుతో వ్రాసిన అడవిదున్నలు, జింకలు, చిఱుతలు నేటికిని మాసిపోలేదు. 1990 వఱకు పండితలోకమున కీ చిత్రముల జాడ తెలియదు. పసులకాపరులకు మాత్రము తెలిసియే యుండును.

అటవీశాఖవా రిచట శిలారోహణమును ప్రోత్సహించిరి. సంతోషమే. కాని త్రాళ్లు పట్టి నిట్టనిలువు రాతినెక్కువా రెందఱు? జనగామనుండియు మానుకోటనుండియు బిడ్డను చంకనెత్తుకొని వచ్చు తల్లి, ఊతకఱ్ఱ పట్టిన తాత, బడిపిల్లలు - వీరు సుఖముగ నడువగల బాటకే ప్రథమస్థాన మీయవలెను. అందులకై సిమెంటు మెట్లు పోయవలదు. అడవి యడవిగనే యుండవలెను. దారి చీలినచోట నొక గుఱుతు, అక్కడక్కడ నీడపట్టు, త్రాగునీరు చాలును.

మఱియొక మాట. వేలయేండ్లు నిలిచిన చిత్రముపై బొగ్గుతో తన పేరు వ్రాసికొను విద్యావంతులు మనలో గలరు! బొమ్మలున్న గుహలకడ బాటను బారెడు దూరముననే యాపి కంచె వేయవలెను. ఊరి యువకులనే జీతమిచ్చి మార్గదర్శులుగా నియమింపవలెను. వచ్చు వానకాలమునకు ముందే జిల్లా యధికారు లీ పనికి పూనుకొందురా?