నేల కబురు చెప్పే సోమవారాలు

2023 వానాకాలం తెలంగాణ పత్తి రైతుకు అంత తేలిగ్గా మరుపు రాదు. జూన్‌లో తొలకరి ఆలస్యమైంది. జులై ఆఖరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కొట్టింది. ఆగస్టులో మబ్బు మొహం చాటేసింది. 1901 నుంచి లెక్కలు తీస్తే దేశం మొత్తం మీద అంత పొడి ఆగస్టు మరొకటి లేదు. తీరా సెప్టెంబరు ముగిశాక కూడికలు వేస్తే రాష్ట్రంలో వానలకు లోటు లేదని తేలింది. ఆ కూడికలో తప్పేమీ లేదు. అయితే మొలక రాక రెండోసారి పెట్టిన గింజ, జాలు పట్టి ఎర్రబారిన మొక్క, బెట్టకు రాలిపోయిన పూత ఆ అంకెలో ఎక్కడా కనిపించవు.

వాన ఎంత పడిందో చెప్పడంలో మనం వెనకబడి లేము. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల దాకా స్వయంచాలక వాతావరణ కేంద్రాలున్నాయి. వాతావరణ శాఖ, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కలిసి మంగళ, శుక్రవారాల్లో జిల్లాలవారీగా సలహాలు ఇస్తున్నాయి. ఉపగ్రహాల సాయంతో నేల తేమ పటాలూ తయారవుతున్నాయి. లేనిదల్లా చేను గట్టు మీద నిలబడి చూసిన మనిషి మాట. ఈ వారం నేల ఎలా ఉంది, పైరు ఎలా ఉంది, అరక కదిలిందా లేదా అన్న మూడు ముక్కలు. వాటిని వారం వారం పోగుచేసి అందరి ముందూ పెట్టే పద్ధతి అమెరికాలో ఉంది. దాన్ని దగ్గరగా చూడాలంటే అయోవా రాష్ట్రానికి వెళ్లాలి.

అయోవా మొక్కజొన్నకూ సోయాకూ పెట్టింది పేరు. ఒకప్పుడు మనిషెత్తు గడ్డి పెరిగిన మైదానం, ఆ గడ్డి వేర్లు కుళ్లి కుళ్లి తయారైన నల్లమట్టి. అక్కడ ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ప్రతి సోమవారం పంటల పరిస్థితి నివేదిక వెలువడుతుంది. పోయిన వారంలో పొలం పనికి అనువైన రోజులు ఎన్ని అన్న లెక్క అందులో ముందు వరసలోనే ఉంటుంది. ఆ తర్వాత పై నేలలో తడి, లోపలి నేలలో తడి, ఒక్కో పంట ఏ దశకు చేరింది, ఎంత ఆరోగ్యంగా ఉంది. పై నేల అంటే వాళ్ల లెక్కలో ఆరు అంగుళాలు. తడికి నాలుగే మెట్లు: బొత్తిగా లేదు, చాలదు, సరిపోయింది, ఎక్కువైంది. బొత్తిగా లేదంటే పైరు ఎదుగుదల ఆగి, వాడిపోవడం కంటికి కనబడుతోందని. ఎక్కువైందంటే నేల బురదగా ఉంది, ఇక చుక్క కూడా తాగలేదని. పైరు ఆరోగ్యానికి ఐదు మెట్లు.

దీనికోసం చేలో పరికరాలేవీ పాతలేదు. అమెరికా మొత్తం మీద దాదాపు 3,600 మంది తమ కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దానిలో, తిరుగుతూ కంటితో చూసింది, రైతుల నోట విన్నది రాసి పంపుతారు. వాళ్లలో వ్యవసాయ విస్తరణ సిబ్బంది ఉంటారు, ఉద్యోగరీత్యా రోజూ రైతులతో మాట్లాడే ఇతరులూ ఉంటారు. సాగు విస్తీర్ణాన్ని బట్టి ఆ మాటలకు తూకం వేసి శాతాలు కడతారు. ఇది శాస్త్రీయ నమూనా సర్వే కాదని వ్యవసాయ గణాంక శాఖే స్పష్టంగా చెప్పుకుంటుంది. అయినా దాన్ని రైతు నమ్ముతాడు, ధాన్యం వ్యాపారి నమ్ముతాడు, బ్యాంకూ నమ్ముతుంది. ఏళ్ల తరబడి అవే ప్రశ్నలు, అవే మెట్లు కాబట్టి పోయిన వారంతో, పోయిన ఏడాదితో పోల్చి చూసుకోవచ్చు. ఇదే వరసలోని వారపు వాతావరణ, పంటల పత్రిక మూలాలు 1872 నాటివి.

2012లో ఈ పద్ధతి ఏపాటిదో తేలిపోయింది. ఆ ఏడు విత్తడం త్వరగా ముగిసింది. మే మూడో వారానికి దేశంలో మొక్కజొన్న 77 శాతం బాగుంది, చాలా బాగుంది అన్న మెట్లలో ఉంది. జూన్‌లో ఎండ ముదిరింది, వాన జాడ లేదు. సోమవారం తర్వాత సోమవారం అంకె దిగుతూ వచ్చి జులై చివరికి 24 శాతం దగ్గర నిలిచింది. కోతలు ఇంకా మొదలే కాలేదు. దిగుబడి దెబ్బతింటుందని అప్పటికే ఊరూరా తెలుసు. పశువుల దాణా ఎక్కడ కొనాలో, బీమా సంస్థకు ఎప్పుడు ఫోన్ చేయాలో, గట్టిపడని కంకిని చొప్పతో సహా కోసి పాతర వేయాలా వద్దా అన్నది రైతు అప్పుడే తేల్చుకోగలిగాడు.

ఆ నివేదిక అందరికీ ఒకే గడియలో అందడం నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది. వాషింగ్టన్‌లో సాయంత్రం నాలుగు గంటలైతే పెద్ద వ్యాపారికీ చిన్న రైతుకూ ఒకేసారి తెలుస్తుంది. ఈ జాగ్రత్త వాళ్లకు ఊరికే రాలేదు. 1905లో వ్యవసాయ శాఖ గణాంక విభాగంలోని హోమ్స్ అనే అధికారి పత్తి అంచనాలను ముందుగానే దళారులకు చేరవేసి పట్టుబడ్డాడు. అప్పటి నుంచి పంటల అంచనాల చుట్టూ గోప్యతా నియమాలు బిగిశాయి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తెచ్చే రైతుకు ఈ సంగతి పరాయిది కాదు. ఎక్కడో టెక్సస్‌లో పత్తి ఎలా ఉందో ఇక్కడి కొనుగోలుదారు ఆ నివేదికలోనే చూసుకోగలడు. పక్క మండలంలో పత్తి ఎలా ఉందో అమ్మేవాడికి చెప్పే కాగితం మాత్రం లేదు.

పనికి అనువైన రోజుల లెక్క దగ్గర కాస్త ఆగాలి. 2019లో అమెరికా మధ్య రాష్ట్రాల్లో వసంతమంతా వాన వదల్లేదు. ట్రాక్టరు దిగే వీలు లేక, అదను దాటిపోయి, దేశం మొత్తం మీద 1.9 కోట్ల ఎకరాలకు పైగా విత్తకుండానే మిగిలిపోయాయి. మన నల్లరేగడిలో ఇదే కష్టం కలుపు తీసే వేళ ఎదురవుతుంది. వారం రోజులు ముసురు పట్టిందనుకోండి. గుంటక దిగదు, కూలీలు మోకాలి బురదలో నిలవలేరు, గడ్డి పత్తిని మింగేస్తుంది. తెరిపి ఇచ్చిన రెండు రోజుల్లో ఊరంతా ఒకేసారి కూలీల కోసం పరుగెడుతుంది. ‘ఈ వారం సాధారణ వర్షపాతం’ అన్న మాటలో ఇదంతా మాయమవుతుంది. ‘పనికి అనువైన రోజులు ఒకటిన్నర’ అంటే ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది.

ఎరువాకకు ముందు మన రైతు చేసే పని చూడండి. దుక్కిలో జానెడు లోతు నుంచి పిడికెడు మన్ను తీసి నొక్కుతాడు. ముద్ద కాకుండా వేళ్ల సందుల్లోంచి రాలిపోతే పదును లేదు. ముద్దై, కింద పడేస్తే పొడిపొడిగా విరిగితే పదును కుదిరింది. అరచేతికి అంటుకొని వదలకపోతే రేగడి ఇంకా ఆరాలి. అమెరికా నేల సంరక్షణ శాఖ సరిగ్గా ఇలాంటి పరీక్షనే, చేతిలో మట్టి ఎలా కనబడాలో ఫొటోలతో సహా, పుస్తకంగా వేసి రైతులకు ఇచ్చింది. మన దగ్గర ఆ తెలివి గట్టు దాటి కాగితం మీదికి రావడం లేదు.

అయోవా పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టేస్తే మాత్రం సరిపోదు. అక్కడ నల్లమట్టి మైళ్ల పొడవునా పరచుకుని ఉంటుంది. 99 కౌంటీలను తొమ్మిది విభాగాలుగా కలిపి చెప్పినా చాలావరకు నప్పుతుంది. మన దగ్గర ఒకే ఊళ్లో వాగు ఇటు నల్లరేగడి, అటు ఎర్ర చెల్క. 1972లో పటాన్‌చెరులో నెలకొన్న మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పొలంలో ఈ రెండు నేలలూ పక్కపక్కనే కనిపిస్తాయి. లోతైన రేగడి తన కడుపులో దాచుకునే నీరు చెల్కకంటే దాదాపు రెండింతలు. పది రోజులు వాన లేకపోతే చెల్కలో పైరు మధ్యాహ్నానికి తల వాలుస్తుంది, రేగడిలో పైరుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అదే రెండు రోజులు కుండపోత పోస్తే కథ తిరగబడుతుంది. పత్తికి 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తమని మన శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ వాన మూడు రోజులు మెల్లగా కురిసిందా, గంటలో కురిసి చెల్క మీంచి వాగులోకి పారిపోయిందా అన్నది వర్షమాపకం చెప్పదు. కాబట్టి మనకు మండలం ఒక్కటే చాలదు. మండలంలో నేలవారీగా రెండు వరుసలు కావాలి.

రాసి పంపే మనుషులకు కొదవ లేదు. తెలంగాణలో సుమారు ఐదు వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారి ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయిలోనే వ్యవసాయ సహాయకులున్నారు. పంట నమోదు కోసం వాళ్లు ఎలాగూ చేల వెంట తిరుగుతున్నారు. చిక్కు మరో చోట ఉంది. కేంద్రం 2016లో తెచ్చిన కరువు మార్గదర్శకాల ప్రకారం ఖరీఫ్ కరువును అక్టోబరు 30లోగా ప్రకటించాలి. వాన లోటు తేలాక పంట విస్తీర్ణం, ఉపగ్రహ సూచికలు, నేల తేమ, జలవనరులు ఒక్కొక్కటీ చూస్తారు. అనంతపురం మెట్టలో వేరుశనగకు ఊడలు దిగే వేళ బెట్ట పడితే కాయకు పడాల్సిన దెబ్బ ఆగస్టు, సెప్టెంబర్లలోనే పడిపోతుంది. అక్టోబరు చివర్లో వచ్చే ప్రకటన ఆ నష్టానికి పరిహారం కోసం పనికొస్తుందేమో గానీ, ఒక రక్షక తడి ఇచ్చి చేను కాపాడుకోవడానికి పనికిరాదు. పైగా నేల పరిస్థితికీ సర్కారు సాయానికీ ముడి పడినప్పుడు అంకెను పైకో కిందికో జరపాలన్న ఒత్తిడి తప్పదు. అమెరికాలోనూ ఆ ఒత్తిడి ఉంది. 1999 నుంచి ప్రతి గురువారం వచ్చే కరువు పటాన్ని బట్టి పశువుల రైతులకు సాయం అందుతుంది. కానీ పటం వారం వారం అందరి ముందూ ఉంటుంది కాబట్టి, తగువు ఏదైనా ఉంటే అది బహిరంగంగానే నడుస్తుంది.

రేగడీ చెల్కా కలిసి ఉన్న వికారాబాద్ లాంటి ఒక్క జిల్లాతో ఇక్కడ మొదలుపెట్టవచ్చు. ఆదివారం సాయంత్రం విస్తరణాధికారి ఫోన్‌కు నాలుగు ప్రశ్నలు వెళ్లాలి: పని సాగిన రోజులు, చెల్కలో తడి, రేగడిలో తడి, పైరు ఉన్న తీరు. సోమవారం పొద్దున ఆ జవాబులు పంచాయతీ ఆఫీసు గోడ మీదికీ, మార్కెట్ యార్డు బోర్డు మీదికీ, రైతుల వాట్సాప్‌లోకీ ఒకేసారి చేరాలి. జూన్ మొదటి వారం నుంచి ఆఖరి పత్తి తీత దాకా, కబురు మంచిదైనా చెడ్డదైనా, పైవాళ్ల సంతకం కోసం ఒక్క వారమూ ఆగకూడదు.