వేగం లేని నదికి శుద్ధి ఎక్కడిది?

"పారే నదికి దోషం లేదు" అనే సమాధానం ఆస్తికులలో తరచుగా వినబడుతుంది. దీనికి మూలం మనుస్మృతి పంచమాధ్యాయం. మలినమైన నది తన వేగం చేత శుద్ధి పొందుతుందని అక్కడ ఉన్నది. అయితే ఆ వాక్యంలో శుద్ధికి హేతువు వేగం. హేతువు లేనిచోట ఫలాన్ని ఆశించడం తర్కానికి నిలువదు.

స్వర్ణముఖినే పరిశీలించండి. చంద్రగిరి ప్రాంతపు కొండలలో పుట్టి, తిరుపతి పరిసరాలను దాటి, శ్రీకాళహస్తీశ్వరుని సన్నిధిని స్పృశించి, నాయుడుపేట, వాకాడు మీదుగా బంగాళాఖాతంలో సంగమించే ఈ నది జీవనది కాదు. అగస్త్య మహర్షి తపఃఫలంగా స్థలపురాణం కీర్తించే ఈ ప్రవాహంలో వర్షకాలం గడిచిన పిమ్మట ఇసుకయే శేషిస్తుంది. (ఆలయం కట్టిన కూలీలకు ఈ ఇసుకయే బంగారమైందని ఐతిహ్యం, నేడు అది ఇసుక వ్యాపారుల పట్లనే సత్యమైనది.) ఆ ఇసుక గుంటలలో నిలిచేది చాలావరకు పట్టణాల మురుగు. 2021 నవంబరులో వలె వరద వచ్చినప్పుడు మాత్రం పోగుపడిన మాలిన్యం సముద్రముఖానికి కొట్టుకొనిపోతుంది. "నది శుభ్రపడింది" అని జనం సంతోషిస్తారు.

అక్కడ జరిగేది వేరు. మురుగును భక్షించే సూక్ష్మజీవులు నీటిలో కరిగిన ప్రాణవాయువును హరిస్తాయి. అందులోని నత్రజని, భాస్వరం వలన నాచు విజృంభించి, అది కుళ్ళినప్పుడు మిగిలిన ప్రాణవాయువు కూడా క్షీణిస్తుంది. ఉప్పునీరు, మంచినీరు కలిసే చోటనే అనేక జాతుల చేపలు, రొయ్యలు శైశవాన్ని గడుపుతాయి. పెద్ద చేప ఈదుకొని పోగలదు. గుడ్డు ఎక్కడికి పోగలదు? తీరవాసులైన మత్స్యకారుల జీవిక ఆ గుడ్డును ఆశ్రయించి ఉన్నది. దేశంలోని పట్టణాలలో దినమునకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుండగా, శుద్ధి అయ్యేది 20,236 మిలియన్ లీటర్లేనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో వెల్లడించిన లెక్క.

సూర్యనమస్కారాలలో పఠించే అరుణప్రశ్న ఈ విషయంలో సందేహానికి తావివ్వదు. నీటిలో మలమూత్ర విసర్జన కూడదు, ఉమ్మివేయకూడదు, జలచరాలను భుజించకూడదు అని అరుణకేతుక చయనం చేసినవానికి వ్రతాన్ని విధిస్తున్నది. జలంలో అగ్ని నిగూఢంగా ఉన్నాడన్నది అక్కడ చెప్పిన కారణం. ఈ వ్రతాన్ని పాటించేవానికి జలం హాని చేయదట.

"నేను నదిలో ఉమ్మివేయలేదు కదా" అని గృహస్థు ఊరట చెందవచ్చు. అది చాలదు. కర్తకు, చేయించినవానికి, ప్రేరేపించినవానికి, అనుమోదించినవానికి ఫలం సమానమని ధర్మశాస్త్రజ్ఞుల నిర్ణయం. స్నానగృహంనుండి బయలుదేరిన గొట్టం శుద్ధికేంద్రానికి కాక వాగులోకి పోతున్నదని తెలిసికూడా మౌనం వహించినవాడు అనుమోదకుడే. అతడు అదే నదీతీరాన ఆచమనం చేసి తర్పణం విడిచినంత మాత్రాన ఆ భాగం తొలగిపోదు.

మహాశివరాత్రికి శ్రీకాళహస్తికి వచ్చే యాత్రికుడు బస చేసిన చోట ఒక్క ప్రశ్న అడగవచ్చు: ఇక్కడి మురుగు ఎక్కడికి పోతున్నది? సమాధానం లేని సత్రాన్ని మరుసటి ఏడు విడిచిపెట్టవచ్చు. పట్టణవాసులు పురపాలక సంఘాన్ని ఇదే ప్రశ్న లిఖితపూర్వకంగా అడగాలి.