వలస మన బతుకైంది, చదువెందుకు కాకూడదు?

బండారులంక నుంచి రాజోలు దాకా ఏ ఊళ్ళో కూర్చున్నా కువైట్, మస్కట్, దుబాయ్ మాట రాకుండా కబురు ముగియదు. గల్ఫ్ సొమ్ముతో ఇళ్ళు లేచాయి, పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు ఇంజనీరింగులో చేరారు. కానీ ఆ ప్రయాణాన్నే చదువుకోవచ్చన్న ఆలోచన మాత్రం మన ఇళ్ళకు ఇంకా రాలేదు.

ముస్లింలకు వలస కొత్త మాట కాదు. ఇస్లామీ శకం లెక్క క్రీ.శ. 622లో మక్కా నుంచి మదీనాకు జరిగిన హిజ్రత్‌తో మొదలవుతుంది. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో బాటసారి ఒకడు. వలసతోనే ఏళ్ళు లెక్కించుకునే సమాజం తన సొంత వలసను రాసిపెట్టుకోకపోవడం విచారకరం.

గోదావరి తీరానికీ ఇది పాత కథే. మన తాతల కాలంలో రంగూన్‌ను 'రంగం' అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీదే బర్మాలో తెలుగు కూలీలను 'కొరంగీలు' అన్నారు. 1930లో రంగూన్ రేవులో వారిపై దాడులు జరిగాయి. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు ఎందరో అడవుల గుండా కాలినడకన తిరిగివచ్చారు. దారిలో రాలిపోయినవారి పేర్లు ఏ ఊరి లెక్కలో ఉన్నాయి?

ఇప్పటి వలసలోనూ అదే లోపం. కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్ళేవారిలో ఇంటిపనికి వెళ్ళే స్త్రీలు చాలామంది. ఈసీఆర్ పాస్‌పోర్టు గల స్త్రీ ఆ పనికి గల్ఫ్ వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలన్నది నిబంధన. ఏజెంటు ఆమెను విజిట్ వీసామీద పంపితే సర్కారు లెక్కలోకి ఆమె రాదు. లెక్కలో లేని మనిషికి జీతం ఎగ్గొట్టినా, పాస్‌పోర్టు లాక్కున్నా అడిగేవారుండరు.

కేరళను చూడండి. తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయన కేంద్రం 1998లో వలస సర్వే మొదలుపెట్టి, కొన్నేళ్ళకోసారి చేస్తూ వచ్చింది. ఎవరు వెళ్ళారు, ఎంత పంపారు, ఎందరు తిరిగొచ్చారు అన్నది అక్కడ అంకెల్లో చెప్పగలరు. ఆంధ్రప్రదేశ్‌కు అంతకాలం క్రమంగా సాగిన సర్వే లేదు.

ఈ చదువు మనకు అందనిదేమీ కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1996 నుంచి ప్రవాస భారతీయుల అధ్యయన కేంద్రం ఉంది. ఇగ్నో దూరవిద్యలో మైగ్రేషన్ అండ్ డయాస్పోరా ఎం.ఏ. ఉంది. ఇల్లు వదలలేని ఆడపిల్ల కూడా డిగ్రీ తర్వాత దీన్ని చదవవచ్చు.

'దీనివల్ల ఉద్యోగం వస్తుందా?' అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇంజనీరింగుకు లేని హామీ దీనికీ లేదు. కాకపోతే తెలుగు, ఉర్దూ రెండూ వచ్చి, కాస్త అరబ్బీ నేర్చిన పరిశోధకులు అరుదు. పైగా కువైట్ వంటింట్లో పదేళ్ళు పడ్డ కష్టాన్ని ఒక స్త్రీ బయటి మగవాడికి చెప్పదు, తన ఊరి ఆడపిల్లకు చెబుతుంది. ఆ అమ్మాయి రాసింది అధికారుల బల్లమీదికి చేరితే, నిబంధనలు చేసేవారికి మన సంగతి తెలుస్తుంది.

పెద్దలు చేయగలిగిన పని ఒకటుంది. గల్ఫ్ నుంచి వచ్చిన పాత ఉత్తరాలు, మాటలు రికార్డుచేసి పంపిన క్యాసెట్లు, వీసా కాగితాలు పారేయకండి. పిల్లల్లో ఒక్కరినైనా ఈ చదువువైపు పంపండి. మన కష్టం మనం రాయకపోతే, రంగం వెళ్ళినవారి కథలాగే ఇదీ చెరిగిపోతుంది.