తలుపు, ఫోను, ఒక్క మాట

పై చదువుకి అమ్మాయినో అబ్బాయినో అమెరికా పంపేటప్పుడు మనం ఏమేం సర్దుతామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, సున్నుండలు, చిన్న కుక్కరు, జ్వరం మాత్రలు, రెండు స్వెట్టర్లు... పెట్టె బరువు ఎక్కువైందని కాటా మీద పెట్టి, కొన్ని తీసి, మనసొప్పక మళ్లీ పెట్టి! 23 కేజీల లెక్క ఇప్పుడు ప్రతి తల్లికీ నోటికొచ్చు. ఇన్ని సర్దే మనం, బరువే లేనిది ఒకటి మర్చిపోతున్నాం. కాలేజీలో తుపాకీ పేలితే ఏం చెయ్యాలి, ఇంట్లోవాళ్లు ఏం చెయ్యకూడదు అన్న మాట.

"శుభమా అని పిల్ల విమానం ఎక్కుతుంటే ఈ అపశకునం మాటలేమిటండీ?" అని మీరు నొచ్చుకోవచ్చు. పచ్చడి సీసా మూత బిగించి, చుట్టూ ప్లాస్టర్ చుట్టి, రెండు కవర్లలో పెడతాం కదా! నూనె కారుతుందని చుడుతున్నామా? కారకూడదని. ఇదీ అంతే.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు సుమండీ. ఆ దేశంలో వేలకొద్దీ కాలేజీలున్నాయి. చాలామంది పిల్లలు ఒక్క తుపాకీ చప్పుడైనా వినకుండా పట్టా పుచ్చుకుని వస్తారు. కానీ అప్పుడప్పుడు జరుగుతూనే ఉంది. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో ఒకే ఒక్క విద్యార్థి 32 మందిని కాల్చి చంపాడు. వాళ్లలో తమిళనాడు నుంచి వెళ్లి అక్కడ పాఠాలు చెబుతున్న ప్రొఫెసర్ జి.వి. లోగనాథన్ ఒకరు. అదే ఏడాది డిసెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఆవరణలోని అపార్ట్‌మెంట్‌లో పిహెచ్.డి. చేస్తున్న మన తెలుగు పిల్లలిద్దరు తుపాకీకి బలయ్యారు. కనుక "మనకెందుకులే" అని తీసెయ్యడానికి లేదు.

2023 ఫిబ్రవరి 13 సంగతి చూడండి. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో రాత్రి 8 గంటల 18 నిమిషాలకి కాల్పులు మొదలయ్యాయి. మన గడియారంలో అప్పుడు మర్నాడు పొద్దున్న ఏడు కావస్తోంది, డికాక్షన్ దిగే వేళ! కాలేజీకి ఏ సంబంధమూ లేని మనిషొకడు తరగతి గదిలోకి వచ్చి కాల్చాడు. ముగ్గురు విద్యార్థులు పోయారు, ఐదుగురు గాయపడ్డారు. మిగతా పిల్లలందరినీ ఎక్కడివాళ్లక్కడే తలుపులు బిగించుకుని ఉండమని యూనివర్సిటీవారు ఫోన్లకి కబురు పెట్టారు. దీన్నీ లాక్‌డౌన్ అనే అంటారు, కరోనా నాటిది కాదు. ఇక ప్రమాదం లేదు, బయటికి రండి అని చెప్పేసరికి దాదాపు నాలుగు గంటలు పట్టింది. అంటే మన లెక్కలో పొద్దుటి కాఫీ నుంచి పప్పులో తాలింపు పెట్టేదాకా.

ఆ నాలుగు గంటలూ ఇక్కడ టీవీ ముందు కూర్చున్న తల్లి ఏం చేస్తుంది? ఫోన్ చేస్తుంది. ఎత్తకపోతే మళ్లీ చేస్తుంది. ఆమె తర్వాత పిన్ని, మేనత్త, పక్కింటి ఆంటీ... తలా ఒకసారి!

అసలు సంగతి అక్కడే ఉంది. పిల్ల బల్లకింద, చీకట్లో, ఊపిరి బిగబట్టి కూర్చుని ఉందనుకోండి. బయట వరండాలో తుపాకీ పట్టుకున్నవాడు తిరుగుతున్నాడు. అప్పుడు మోగే ఫోను "ఇక్కడ మనుషులున్నారు" అని వాడికి చెప్పినట్టే. సౌండ్ తీసేసినా, బల్లమీద గుర్రుమనే వైబ్రేషన్ చాలు. అందుకే దాక్కున్నప్పుడు ఫోను పూర్తిగా నిశ్శబ్దంలో పెట్టమని అక్కడి ప్రభుత్వ సూచనల్లోనే ఉంటుంది. పైగా ఊరికే మోగుతుంటే బ్యాటరీ అయిపోతుంది. పోలీసులకి చెప్పాల్సిన క్షణంలో ఫోను చచ్చిపోయి ఉంటే ఏం గతి?

తల్లి మనసు ఆగదు, నిజమే. ఆగాలంటే ముందే ఒక ఒప్పందం కావాలి. ప్రమాదం కబురు తెలిస్తే ఇంటినుంచి ఎవరూ ఫోన్ చెయ్యరు. పిల్ల వీలు దొరికిన క్షణంలో "క్షేమం" అని ఒక్క మాట మెసేజ్ పెడుతుంది, అదీ ఇంట్లో ఒక్కరికే. చుట్టాలందరికీ చెప్పే పూచీ ఆ ఒక్కరిది. ఈ ఏర్పాటు లేకపోతే మన ప్రేమే బిడ్డకి ముప్పు తేవచ్చు. 2023 ఆగస్టులో నార్త్ కరోలినా యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్‌ని కాల్చి చంపినప్పుడు, ఆ రోజు పిల్లలకి వచ్చిన, పిల్లలు పంపిన మెసేజ్‌లనే అక్కడి విద్యార్థుల పత్రిక మొదటి పేజీ నిండా అచ్చువేసింది. ఎక్కడున్నావు, బాగున్నావా అనే మాటలే అన్నీ. చదివితే ఏ తల్లికైనా గొంతు పూడుకుపోతుంది.

ఇక తలుపు సంగతి. రాత్రి పడుకోబోయే ముందు "వెనక తలుపు గడియ పెట్టావా?" అని అడగని ఇల్లు మనలో ఉందా? ఆ అలవాటు పిల్లలతోపాటు విమానం ఎక్కాలి. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీ హాస్టల్ గదిలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయిని అదే కాలేజీ విద్యార్థి హత్య చేశాడు. అక్కడ తుపాకీ లేదు, తెరిచి ఉన్న తలుపులున్నాయి. వాటంతటవే తాళం పడే తలుపులకి, వచ్చేపోయేవాళ్లకి వీలుగా ఉంటుందని ఎవరో పిజ్జా అట్టపెట్టెలు అడ్డం పెట్టారు! ఆ తల్లిదండ్రులు కోనీ, హోవార్డ్ క్లెరీ ఏడుస్తూ కూర్చోలేదు. ఆ కాలేజీలో అంతకుముందు జరిగిన నేరాల సంగతి తమకెవరూ చెప్పలేదని పోరాడి, 1990లో దేశమంతటికీ ఒక చట్టం తెప్పించారు. దాని ప్రకారం ప్రతి యూనివర్సిటీ ఏటా అక్టోబరు 1 లోపల, గడిచిన మూడేళ్లలో తన ఆవరణలో జరిగిన నేరాల లెక్క బయటపెట్టాలి. ఆపద వస్తే ఏం చేస్తారో కూడా అందులో రాయాలి. దాన్ని ఆన్యువల్ సెక్యూరిటీ రిపోర్ట్ అంటారు. ఫీజు ఎంత, స్కాలర్‌షిప్ వస్తుందా అని కన్సల్టెన్సీ వాళ్లని పదిసార్లు అడుగుతాం. ఈ రిపోర్టు గురించి ఒక్కసారైనా అడిగామా?

వర్జీనియా టెక్‌లో పొద్దున్న 7:15 ప్రాంతంలో హాస్టల్లో ఇద్దరిని కాల్చారు. విద్యార్థులకి మొదటి కబురు వెళ్లింది 9:26కి! ఇంకో పావుగంటలో నోరిస్ హాల్లో మళ్లీ కాల్పులు... 30 మంది పోయారు. ఆ తర్వాతే, 2008లో, ప్రమాదం ఉందని తేలిన వెంటనే కబురు పంపి తీరాలని చట్టాన్ని బిగించారు. ఆ నోరిస్ హాల్లోనే ఒక గదిలో పిల్లలు పెద్ద బల్లని తలుపుకి అడ్డంపెట్టి, గట్టిగా అదిమి పట్టుకున్నారు. తలుపులోంచి గుళ్లు దూసుకొచ్చినా వాడు లోపలికి రాలేకపోయాడు. ఆ గదిలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. మరో గదిలో 76 ఏళ్ల ప్రొఫెసర్ లివియు లిబ్రెస్కు తలుపుకి అడ్డంగా నిలబడి, పిల్లలు కిటికీల్లోంచి దూకేదాకా ఆపి, తాను ప్రాణాలు వదిలారు. మూసిన తలుపు విలువ ఇంతకన్నా చెప్పాలా?

పెట్టె సర్దేటప్పుడు ఈ కింది సంగతులు ఒక కాగితం మీద రాసి పిల్లల చేతికివ్వండి. ఇప్పటికే అక్కడ ఉన్నవాళ్లకి చదివి వినిపించండి.

1. యూనివర్సిటీ పంపే అత్యవసర కబుర్లు తన ఫోనుకి వస్తున్నాయో లేదో చూసుకోవాలి. అప్లికేషన్‌లో ఇండియా నంబరు రాసి, అక్కడికెళ్లి కొత్త సిమ్ తీసుకుని, కాలేజీ రికార్డులో మార్చని పిల్లలుంటారు. అప్పుడు కబురు ఎవరికి చేరాలి?

2. ఎమర్జెన్సీ కాంటాక్ట్ కింద ఇద్దరి పేర్లుండాలి. మీ నంబరు, ముందు 91తో సహా. అక్కడున్న బంధువుదో నమ్మకమైన స్నేహితుడిదో ఇంకొకటి.

3. పోలీసుల నంబరు 911. చాలాచోట్ల క్యాంపస్ పోలీసులకి వేరే నంబరు ఉంటుంది, అదీ ఫోనులో పెట్టుకోవాలి. మాట్లాడలేని చోట దాక్కుంటే, 911కి మెసేజ్ పంపే వీలు ఆ ఊళ్లో ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

4. అక్కడ నేర్పే సూత్రం మూడు మాటలే. పారిపో, దాక్కో, గత్యంతరం లేకపోతే ఎదిరించు. వరస కూడా అదే. దారి ఉంటే బ్యాగు, లాప్‌టాప్ వదిలేసి బయటపడాలి. దారి లేకపోతే తలుపు వేసి, బల్లలు అడ్డం పెట్టి, దీపాలార్పి, ఫోను నోరు మూయించాలి. ప్రాణం మీదికొస్తేనే చేతికందింది విసరడం.

5. కొత్త తరగతి గదిలో కూర్చున్న మొదటి రోజే చూసుకోవాలి. రెండో ద్వారం ఎటు? తలుపుకి లోపలినుంచి గడియ పడుతుందా? మిషిగన్ స్టేట్ వాళ్లు ఆ ఘటన తర్వాతే తరగతి గదుల తలుపులకి తాళాలు బిగించారు. లేనిచోట పిల్లలు అడగాలి, తప్పేం లేదు.

6. పోలీసులు లోపలికొస్తే చేతులు ఖాళీగా, పైకెత్తి కనిపించాలి. ఫోను కూడా పట్టుకోకూడదు. వాళ్లవైపు పరిగెత్తకూడదు.

7. దొంగ కబుర్లూ వస్తాయి. 2025 ఆగస్టులో విల్లనోవా యూనివర్సిటీలో కొత్త విద్యార్థుల్ని తల్లిదండ్రులు దిగబెట్టడానికొచ్చిన సమయంలో తుపాకీ మనిషి తిరుగుతున్నాడని కబురొచ్చింది, అంతా పరుగులు! చివరికి ఎవరో చేసిన అబద్ధపు ఫోన్ అని తేలింది. అయినా సరే, యూనివర్సిటీ చెబితే నిజమనే నమ్మి దాక్కోవాలి. మనం మాత్రం వాట్సాప్‌లో వచ్చినదల్లా నాలుగు గ్రూపులకి పంపకుండా ఉంటే అదే పదివేలు.

ఇదంతా చెప్పడానికి అరగంట పట్టదు. అమ్మాయి "అబ్బ, నాకు తెలుసమ్మా" అని విసుక్కుంటుంది, విసుక్కోనివ్వండి. ఈ ఆదివారం వీడియో కాల్‌లో "ఏం వండుకున్నావు?" అయ్యాక, "కాలేజీలో ఫోన్ నంబరు మార్చావా?" అని అడగండి. "రేపు మారుస్తాను" అంటే ఊరుకోకండి. ఫోన్ పెట్టకుండా, మీరు చూస్తుండగానే మార్పించండి.